క్రిస్టీన్ జోర్గెన్‌సెన్: ఒక ఫైలు కథ

ఫైనలియర్ అంటే మన కాలేజీలో సంతకాల సీజన్. ఎల్ఓఆర్ కోసం ప్రొఫెసర్ల గదుల ముందు నిలబడటం, ట్రాన్‌స్క్రిప్టుల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం, ఎస్‌ఓపీని పదిసార్లు తిరగరాయడం. మా హాస్టల్లో ఎస్‌ఓపీలు దిద్దేవాడిగా నాకు కొంచెం పేరుంది. ఫీజు ఒక ప్లేట్ బిర్యానీ.

పోయిన డిసెంబర్‌లో ఒక క్లాస్‌మేట్ నన్ను సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్‌కి రమ్మంది. పేరు రాయను. ఈ వ్యాసం తనకి చూపించి, సరే అన్నాకే పంపుతున్నాను. చాయ్ వచ్చేలోపు బ్యాగులోంచి ఒక నీలం ఫైలు తీసి నా ముందు పెట్టింది. ఎంఎస్ అప్లికేషన్ అనుకున్నా. తెరిస్తే ఏడాదిన్నర హార్మోన్ ప్రిస్క్రిప్షన్లు, రక్తపరీక్షల రిపోర్టులు, ఒక సైకియాట్రిస్ట్ రాసిచ్చిన ఉత్తరం ఉన్నాయి. చివర్లో బ్యాంకాక్‌లో ఒక ఆసుపత్రికి పంపాల్సిన లేఖ. తను ట్రాన్స్ మహిళ అని మా బ్యాచ్‌లో ఐదారుగురికి తెలుసు. ఆపరేషన్ కోసం బయటి దేశం వెళ్దామనుకుంటోందని మాత్రం నాకు అప్పుడే తెలిసింది. ఎస్‌ఓపీలు దిద్దుతావు కదా, ఇది కూడా దిద్దిపెట్టరా అంది.

నేను అనకూడని మాట అన్నాను. ఇంత పెద్ద నిర్ణయం కదా, రేపు మనసు మారితే ఎలా అని. తను కోప్పడలేదు. ఈ ఫైలు మొత్తం ఆ ఒక్క ప్రశ్నకి జవాబేరా అంది. ముందు క్రిస్టీన్ జోర్గెన్‌సెన్ గురించి చదివి రా, తర్వాత మాట్లాడదాం అని బిల్లు కట్టేసి వెళ్ళిపోయింది. సెమిస్టర్ సెలవుల్లో చదివాను. చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నా.

క్రిస్టీన్ 1926 మే 30న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. డెన్మార్క్ మూలాలున్న కుటుంబం. తండ్రి వడ్రంగి. ఇంట్లో ఒక అక్క. పుట్టినప్పుడు మగపిల్లాడని రాసుకుని పెట్టిన పేరు వేరే ఉంది, దానితో ఇక్కడ మనకి పని లేదు. 1945లో హైస్కూల్ పూర్తయిన ఏడాదే సైన్యంలోకి పిలుపొచ్చింది. యుద్ధం అయిపోయింది కాబట్టి తుపాకీ పట్టాల్సిన అవసరం రాలేదు. ఫోర్ట్ డిక్స్‌లో గుమస్తా ఉద్యోగం, ఇళ్ళకి వెళ్ళిపోయే సైనికుల కాగితాలు చూసే పని. తర్వాత తన జీవితమంతా కాగితాల చుట్టూనే తిరుగుతుందని అప్పటికి ఆమెకి తెలియదు.

1946లో సైన్యం నుంచి బయటికొచ్చి ఫోటోగ్రఫీ నేర్చుకుంది. తర్వాత మన్‌హాటన్‌లో మెడికల్ అసిస్టెంట్ల కోర్సులో చేరింది. హార్మోన్ల గురించి సామాన్యులకి అర్థమయ్యేలా పాల్ డి క్రూయిఫ్ రాసిన పుస్తకం ఒకటి ఆ రోజుల్లోనే చదివింది. శరీరంలో ఆడతనం, మగతనం అనుకునేవి చాలావరకు రసాయనాల పని అయితే, ఆ రసాయనాన్ని మార్చొచ్చు కదా అనే ఆలోచన అక్కడ మొదలైంది. మందుల షాపులో ఈస్ట్రోజన్ మాత్రలు సంపాదించి తనంతట తాను వేసుకుంది. ఎవరూ చేయకూడని పని అది. తర్వాత తోటి విద్యార్థిని భర్త, డాక్టర్ జోసెఫ్ ఏంజెలో, కొంత పర్యవేక్షణ ఇచ్చాడు.

ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి అమెరికాలో దారి మూసుకుపోయింది. ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని తీసేస్తే అంగచ్ఛేదం నేరం కింద కేసు పడుతుందని సర్జన్లకి భయం. యూరప్‌లో చేస్తారని విని, స్వీడన్ వెళ్దామని 1950లో ఓడ ఎక్కింది. మధ్యలో బంధువుల్ని చూద్దామని కోపెన్‌హేగన్‌లో ఆగింది. అక్కడే డాక్టర్ క్రిస్టియన్ హాంబర్గర్ దొరికాడు. హార్మోన్ల మీద పరిశోధన చేసే డాక్టర్. ఆమె చెప్పింది పూర్తిగా విని, పైసా తీసుకోకుండా చికిత్స చేస్తానన్నాడు. బదులుగా ఆమె ఒక పరిశోధన కేసు కావాలి. తర్వాత ఆమె పెట్టుకున్న క్రిస్టీన్ అనే పేరు ఆయన పేరులోంచి వచ్చిందే.

ఇప్పుడు విదేశాల్లో ఈ సర్జరీకి వెళ్ళేవాళ్ళకి ఒక లిస్టు ఉంటుంది. క్రిస్టీన్‌కి అలాంటి లిస్టు ఎవరూ ఇవ్వలేదు, ఎందుకంటే అప్పటికి లిస్టే లేదు. ఒక్కో షరతు దారిలో ఎదురయ్యింది. మొదటిది సమయం. హాంబర్గర్ నేరుగా కత్తి దగ్గరికి వెళ్ళలేదు. ముందు నెలల తరబడి హార్మోన్లు మాత్రమే ఇచ్చాడు. ఆపేస్తే చాలావరకు వెనక్కి రాగలిగే దశ అది. ఎంత మోతాదు శరీరంలో ఏం చేస్తోందో కొలవడానికి ఆమె రోజూ 24 గంటల మూత్రం సేకరించి ల్యాబ్‌కి ఇవ్వాలి. బయటికి వెళ్ళినా బ్యాగులో సీసా ఉండాల్సిందే.

రెండోది మానసిక వైద్యుడి పరీక్ష. ఆ పని చేసింది స్టూరుప్. ఆయన అసలు ఉద్యోగం హెర్‌స్టెడ్‌వెస్టర్‌లో, మానసిక సమస్యలున్న నేరస్థుల్ని ఉంచే సంస్థకి అధిపతిగా. మూడోది నన్ను ఎక్కువ ఆపిన షరతు. వృషణాలు తీసేసే ఆపరేషన్‌కి డెన్మార్క్‌లో 1935 నాటి చట్టం ఒకటి ఉంది. లైంగిక వాంఛ వల్ల నేరం చేసే ప్రమాదమున్నవాళ్ళ కోసం, లేదా దాని వల్ల తీవ్రమైన మానసిక బాధ పడేవాళ్ళ కోసం రాసిన చట్టం. క్రిస్టీన్ ఏ నేరమూ చేయలేదు. అయినా లోపలికి వెళ్ళడానికి ఆ ఒక్క తలుపే ఉంది. పైగా ఆమె డెన్మార్క్ పౌరురాలు కాదు కాబట్టి, న్యాయశాఖ నుంచి ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చింది. ఒక మనిషి తన శరీరం గురించి తీసుకున్న నిర్ణయం న్యాయశాఖ టేబుల్ మీద ఫైలుగా కూర్చుంది. అనుమతి వచ్చింది. 1951 సెప్టెంబర్‌లో మొదటి ఆపరేషన్ జరిగింది.

తర్వాత పాస్‌పోర్ట్. 1952లో కోపెన్‌హేగన్‌లోని అమెరికన్ ఎంబసీ కొత్త పేరుతో పాస్‌పోర్ట్ ఇచ్చింది. అప్పుడు అక్కడ రాయబారి యూజీనీ ఆండర్సన్, ఆ హోదా అందుకున్న తొలి అమెరికన్ మహిళ. అదే ఏడాది జూన్‌లో క్రిస్టీన్ అమ్మానాన్నలకి ఉత్తరం రాసింది. అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు. ప్రకృతి చేసిన ఒక పొరపాటుని సరిచేసుకున్నాననీ, ఇప్పుడు వాళ్ళ కూతురిననీ దాని సారాంశం. ఇంట్లోవాళ్ళు ఆమెని కాదనలేదు. నవంబర్‌లో కోపెన్‌హేగన్‌లోనే రెండో ఆపరేషన్ అయింది.

ఆసుపత్రి మంచం మీద ఇంకా కోలుకుంటుండగానే, 1952 డిసెంబర్ 1న న్యూయార్క్ డైలీ న్యూస్ ఆమె సంగతి మొదటి పేజీలో వేసింది. ఒకప్పటి సైనికుడు అందగత్తెగా మారాడన్న ధోరణిలో ఉంది ఆ వార్త. 1953 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో విమానం దిగేసరికి ఫోటోగ్రాఫర్ల గుంపు ఎదురుచూస్తోంది. ఆమె ప్రపంచంలో మొదటి వ్యక్తి కాదు. డెన్మార్క్ చిత్రకారిణి లిలీ ఎల్బె లాంటి వాళ్ళు అంతకు 20 ఏళ్ళ ముందే జర్మనీలో సర్జరీలు చేయించుకున్నారు. కానీ అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మొదటి పేరు మాత్రం క్రిస్టీన్‌దే. ఫోటోగ్రాఫర్ కావాలనుకున్న మనిషి చివరికి నైట్‌క్లబ్ వేదికల మీద పాటలు పాడి బతకాల్సి వచ్చింది. అందరూ చూడ్డానికి డబ్బులిస్తారు కానీ మామూలు ఉద్యోగం ఎవరిస్తారు?

ఆ వార్త చూసి 465 మంది తమకీ ఇలాంటి సాయం కావాలని హాంబర్గర్‌కి ఉత్తరాలు రాశారు. ఆయన వాటి మీద 1953లో ఒక వ్యాసమే ప్రచురించాడు. అదే ఏడాది డెన్మార్క్, విదేశీయులకి ఈ ఆపరేషన్ చేయకుండా తలుపు మూసేసింది. అంటే క్రిస్టీన్ లోపలికి వెళ్ళిన దారి ఆమె వెనకాలే మూసుకుపోయింది. హాంబర్గర్, స్టూరుప్, సర్జన్ డాల్ ఇవర్సన్ కలిసి రాసిన కేసు రిపోర్ట్ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో 1953 మే 30న అచ్చయింది. ఆరోజు ఆమెకి 27 నిండాయి. ట్రాన్స్‌జెండర్ అనే మాట అప్పటికి పుట్టలేదు. మిగిలిన సర్జరీ 1954లో అమెరికాలోనే జరిగింది. ఈసారి సలహాదారు డాక్టర్ హ్యారీ బెంజమిన్.

ఇన్ని షరతులు దాటినా ఒక కాగితం మిగిలిపోయింది. 1959లో హోవార్డ్ నాక్స్ అనే అతన్ని పెళ్ళి చేసుకుందామని న్యూయార్క్‌లో లైసెన్స్ అడిగితే ఇవ్వలేదు. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకా పురుషుడనే ఉంది. ఈ సంగతి బయటపడ్డాక అతని ఉద్యోగం పోయింది. ఆ పెళ్ళి జరగలేదు. ఆమె ఎవర్నీ పెళ్ళి చేసుకోలేదు.

1967లో ఆత్మకథ రాసింది. 1970ల్లో కాలేజీలకి వెళ్ళి విద్యార్థులతో మాట్లాడేది. అక్కడ మనలాంటి వాళ్ళు ఏం అడిగి ఉంటారో నేను ఊహించగలను. నేనూ అదే అడిగాను కదా. 1989 మే 3న కాలిఫోర్నియాలో క్యాన్సర్‌తో చనిపోయింది. 63వ పుట్టినరోజుకి నాలుగు వారాలు తక్కువ.

ఇక లిస్టు సంగతి. బెంజమిన్ పేరుతో ఏర్పడిన సంఘం 1979లో మొదటిసారి చికిత్సా ప్రమాణాలు రాసింది. ఇప్పుడు దాని పేరు డబ్ల్యూపాత్. 2012 నాటి ఏడో ఎడిషన్ ఈ సర్జరీకి రెండు ఉత్తరాలు, 12 నెలల హార్మోన్లు, 12 నెలలు కోరుకున్న జెండర్‌లో జీవితం అడిగింది. 2022 నాటి ఎనిమిదో ఎడిషన్ ఒక ఉత్తరం, 6 నెలల హార్మోన్లు చాలంది. థాయ్‌లాండ్ మెడికల్ కౌన్సిల్ 2009లో తెచ్చిన నిబంధనలు మాత్రం ఇద్దరు సైకియాట్రిస్టుల ఆమోదం అడుగుతాయి. 18 ఏళ్ళలోపు వాళ్ళకి చేయకూడదు, 18 నుంచి 20 మధ్య అయితే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. మా ఫ్రెండ్ ఫైలులో ఉన్నదంతా ఇదే. హాంబర్గర్ చేత్తో కొలిచి చూసిన ఓపిక కొంత, న్యాయశాఖ అనుమానం కొంత, ఈ రెండూ ఆ లిస్టులో కలిసిపోయి ఉన్నాయని నాకనిపించింది. ఆపరేషన్ వెనక్కి తీసుకోలేనిది కాబట్టి ఆగి చూడమనడం ఓపిక. నువ్వెవరో ముందు నాకు నిరూపించు అనడం అనుమానం. పైకి రెండూ ఒకే సంతకంలా కనిపిస్తాయి.

మనకి అనుమానం కొత్తేం కాదు. క్రిస్టీన్ పుట్టడానికి ఏడేళ్ళ ముందు, 1919లో, నిజాం రాజ్యంలో 1329 ఫస్లీ చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆడబట్టలతో బయట కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. ఈ చట్టం చెల్లదని తెలంగాణ హైకోర్టు చెప్పింది 2023 జూలైలో. అప్పటికి మేం ఇంటర్‌లో ఉన్నాం.

జనవరిలో మళ్ళీ అదే హోటల్‌లో కూర్చున్నాం. ఆ లేఖలో తను చిన్నప్పట్నుంచి పడ్డ బాధలన్నీ రెండు పేజీలు రాసింది. మామూలుగా అయితే ఇంకొంచెం పట్టు పెంచేవాణ్ణి. ఎస్‌ఓపీలకి అదే చేస్తాను. ఈసారి కొట్టేశాను. ఏ తేదీ నుంచి ఏ మందు, ఎంత మోతాదు, ఏ పరీక్షలు, ఏం కోరుతోంది, అంతే ఉంచాను. అర పేజీ అయింది. బతిమాలినట్టు లేదు కదా అని చదువుకుని తలూపింది.

రెండో ఉత్తరం కోసం వేరే డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళాను. ఓపీ చీటీలో పాత పేరు ఉంది. అటెండర్ ఆ పేరు గట్టిగా పిలిచాడు. తను లేచి నిలబడితే బెంచీల మీద వాళ్ళందరూ చూశారు. నలభై నిమిషాల తర్వాత బయటికొచ్చింది. ఆయన కూడా నువ్వడిగిందే అడిగాడురా, కాకపోతే నేను చెప్పింది రాసుకున్నాడు అంది.

ఇప్పుడు తనకి 21. ఇంట్లోవాళ్ళ సంతకం ఏ రూల్లోనూ అక్కర్లేదు. అయినా వెళ్ళేముందే వాళ్ళమ్మకి చెప్పాలని, క్రిస్టీన్‌లా అయిపోయాక కాదని, ఒక ఉత్తరం రాసి పోయిన వారం నాకు పంపింది. తెలుగులో, నాలుగు పేజీలు. దిద్దిపెట్టమంది. రెండుసార్లు చదివాను. ఒకచోట వత్తు తప్పిపోతే సరిచేసి, మిగతాది ముట్టుకోకుండా తిరిగి పంపించాను.