కలత చెందిన కాపురాలకు న్యాయం: శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

బోడుప్పల్ నుండి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకల మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం దాటి విద్యానగర్ చేరేవారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట వెలసిన ఆసుపత్రి కనిపిస్తుంది. ఆ దారిన తిరిగే విద్యార్థులకు ఆ పేరు సుపరిచితం. రాజ్యాంగ నిర్మాతలలో ఒకరనీ, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే భార్యాభర్తల తగవులను శత్రువుల వ్యాజ్యాలవలె గాక, గాయపడిన మనుషుల వ్యథలవలె విచారించే ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఈ దేశంలో తొలుదొల్త తలచినవారిలో ఆమె ముఖ్యులన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆ తలంపునకు మూలం ఆమె జీవితంలోనే ఉన్నది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఎనిమిదవ యేటనే వివాహం జరిగింది. ఆనాటి మధ్యతరగతి ఇళ్ళలో అది వింత కాదు. వింత ఏమనగా, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆమె కాపురానికి వెళ్ళుటకు అంగీకరించలేదు. తండ్రి, సోదరుడు ఆ నిర్ణయాన్ని సమర్థించారు. లోకం ఏమనుకొంటుందోనన్న భీతితో బిడ్డ జీవితాన్ని బలిపెట్టే ఇళ్ళు నేటికీ లేకపోలేదు గనుక, ఆ తండ్రి ధైర్యాన్ని ప్రత్యేకంగా స్మరించవలసి ఉన్నది.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయనను కలుసుకోవాలని ఈ బాలిక పట్టుబట్టింది. అందుకు నిర్వాహకులు కోరిన అయిదు వేల రూపాయలను తానే సేకరించింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళయినా నిండలేదు. సభల ముంగిట నిలువ నోచుకోనివారి పక్షాన మాట్లాడే స్వభావం అప్పుడే ఏర్పడినదని భావింపవచ్చును.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో ఆమె పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. మధుర జైలులో ఏకాంత శిక్షను కూడా భరించారు. జైళ్ళలో ఆమెను కలచివేసినది స్వకీయమైన కష్టం కాదు. తోటి స్త్రీఖైదీల అజ్ఞానం. తాము చేసిన నేరమేమిటో, చేయనిదేమిటో చెప్పుకొనుటకు భాష తెలియక శిక్షలు పొందిన అభాగినులను చూచి ఆమె న్యాయశాస్త్రం అభ్యసింప నిశ్చయించారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆమె మెట్రిక్యులేషన్‌తో తిరిగి ఆరంభించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టం పొంది, 1942లో మదరాసులో న్యాయపట్టభద్రురాలయ్యారు. ఈలోగా 1937లో మదరాసులోనే ఆంధ్ర మహిళా సభ స్థాపించారు.

ఇక్కడ ఒక సంగతిని ఆగి చెప్పుకోవాలి. ఆమెను చిన్ననాట పెండ్లాడిన వ్యక్తి తరువాత వేరొకరిని వివాహమాడారు. ఆయన 1941లో మరణించగా ఆ రెండవ భార్య నిరాధార అయింది. దుర్గాబాయి ఆమెను తన చెంత చేర్చుకొన్నారు. వృత్తివిద్య నేర్పించి, హైదరాబాదులోని హస్తకళల శిక్షణ సంస్థలో బోధకురాలయ్యేటట్లు సాయపడ్డారు. లోకరీతిని బట్టి ఆ ఇద్దరి నడుమ ఉండదగినది వైరమో, మౌనమో. విడిపోయినంత మాత్రాన ద్వేషం అనివార్యం కాదని ఆమె ఆచరించి చూపారు. ఆమె అధిష్ఠించిన పదవులన్నింటికంటె నాకు ఈ ఒక్క పని పెద్దదిగా తోస్తుంది.

రాజ్యాంగ సభలో ఆమె స్త్రీల ఆస్తిహక్కును గూర్చి వాదించారు. హిందీ, ఉర్దూల కలయికయైన హిందూస్తానీ జాతీయభాషగా ఉండాలని కోరారు. ప్రణాళికా సంఘ సభ్యత్వం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ప్రథమ అధ్యక్షత వరుసగా లభించాయి. ఆ సంవత్సరం జనవరిలోనే నాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో వివాహం జరిగింది. నెహ్రూ గారు సాక్షులలో ఒకరు.

1953లోనే ఆమె చైనా దేశం వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాల పద్ధతిని పరిశీలించారు. తిరిగి వచ్చి నెహ్రూ గారితోనూ, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులైన చాగ్లా, గజేంద్రగడ్కర్ గార్లతోనూ చర్చించారు. సాధారణ సివిల్ కోర్టులో భార్య వాది, భర్త ప్రతివాది. ఒకరి దోషాన్ని మరొకరు ఎంత పెంచి చూపితే గెలుపు అంత చేరువ. తీర్పు వచ్చేసరికి ఎవరు గెలిచినా ఇల్లు మాత్రం ఓడిపోయి ఉంటుంది. బిడ్డలు ఇరుపక్షాల కాగితాల నడుమ నలిగిపోతారు. పూర్వం ఈ తగవులను ఊళ్ళో పెద్దమనుషులు, బస్తీలలో ఖాజీ సాహెబులు కూర్చుండి వినేవారు. దంపతుల మధ్య చీలిక వచ్చునని తోచినప్పుడు ఇరుకుటుంబాల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించవలెనని ఖురాను కూడా ఆదేశించింది. అయితే ఆ పెద్దల సభలలో స్త్రీ గొంతు ఏపాటి వినబడేదో మనకు తెలియనిది కాదు. కాబట్టి వినే ఓర్పు, చట్టపు రక్షణ రెండూ ఒకచోట ఉండాలి.

మహిళా సంఘాల ఒత్తిడి కూడా తోడై, 1984లో పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టం చేసింది. దాని ప్రకారం న్యాయమూర్తి తీర్పుకంటె ముందు రాజీకి యత్నించాలి. సలహాదారులను నియమించే ఏర్పాటు ఉన్నది. కోరినచో విచారణ రహస్యంగా జరుగుతుంది. న్యాయవాది ద్వారా వాదించుట హక్కుగా లభించదు. మతభేదం లేక మనోవర్తి, బిడ్డల సంరక్షణ వంటివి దాని పరిధిలోకి వస్తాయి. సలహాదారుడు పేరుకు ఉద్యోగియే గాని, అతని పని వినుట. భార్య చెప్పినది విడిగా, భర్త చెప్పినది విడిగా విని, కోపం వెనుక దాగిన భయాన్ని, అవమానాన్ని గుర్తించి, ఇద్దరినీ ఎదురెదురు కూర్చుండబెట్టగలగాలి.

రాజీ పేరిట దెబ్బలు తిన్న స్త్రీని తిరిగి అదే గడపకు పంపుట కరుణ అనిపించుకోదు. ఈ చట్టం కాపురం నిలుపుటపైననే మొగ్గు చూపినదన్న విమర్శ ఉన్నది. అది నిరాధారం కాదు. దుర్గాబాయి తాను విడిపోయి బ్రదికిన స్త్రీ. కలుపుట ఎంత పుణ్యమో, గౌరవంగా విడదీయుట అంత ధర్మమని ఆమె జీవితం ఎరుగును.

వార్ధక్యంలో దంపతులిద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. 1975లో ఆమెకు పద్మవిభూషణ్ లభించింది. 1981లో ఆమె కన్నుమూశారు; దేశ్‌ముఖ్ గారు మరుసటి సంవత్సరం అక్టోబరులో మరణించారు. ఆమె కోరిన చట్టం వెలువడుటకు అప్పటికి ఇంకా రెండేళ్ళు మిగిలి ఉన్నవి.