కావలి వేంకట లక్ష్మయ్య

ఏలూరు కావలివారి వంశజుడగు లక్ష్మయ్యగారు, సోదరుడు బొర్రయ్య 1803లో 27 ఏండ్ల ప్రాయమున గతింపగా, కర్నల్ మెకంజీ సేకరణభారమును వహించిరి. గుమాస్తాలను పంపి కైఫీయతులను, శాసనముల నకళ్లను, తాళపత్రములను రప్పించిరి. ఏ గ్రంథము ఎచట లభించినదో, ఎవరు ఇయ్య నిరాకరించిరో ఆ గుమాస్తాల నివేదికలలో కలదు. పరిష్కర్తలకు ఈ కాగితములు గ్రంథములంత విలువైనవి.

1821లో మెకంజీ మరణింపగా, కంపెనీవారు ఆ భాండారమును ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి కొనిరి. 1828లో విల్సన్ దాని పట్టికను ప్రకటించెను. పని కొనసాగింతునన్న లక్ష్మయ్యగారి విన్నపమును మాత్రము, అంతటి కార్యమునకు స్వదేశీయుడు చాలడని ప్రిన్సెప్ త్రోసిపుచ్చెను. పట్టికకెక్కిన గ్రంథములను కూర్చినదెవరో ఆయన ఎరుగనిది కాదు! ఆ కైఫీయతులు నేడు చెన్నపురి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునను, నివేదికల ఆంగ్లప్రతులు లండనునందును ఉన్నవి.