కాశీయాత్రికుడు వీరాస్వామయ్య

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని జనులు తలచెడి దినములవి. మన దేశమున తొలి ప్రయాణికుల రైలుబండి నడచుటకు ఇంకను ఇరువదిమూడేండ్లు గడువవలసి యుండెను. అట్టి కాలమున, 1830వ సంవత్సరము మే 18వ తేదీన, ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణము విడిచి ఉత్తరదిక్కుగా బయలుదేరెను. కుటుంబము, పరిచారకులు, బోయీలు మొదలైనవారు కలిసి ఆయన వెంట ఇంచుమించు నూరుగురు నడచిరి. ఆ నూరుగురి కూడునీళ్ళు, క్షేమము ఆయన తలమీది బరువు.

ఆయనకప్పటికి ఏబదియేండ్ల ప్రాయము. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని, చిరుత ప్రాయముననే కొలువులో చేరి, స్వయంకృషిచే చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషి యయ్యెను. సాక్షి తన భాషలో పలికినదానిని దొరలకు వారి భాషలో వినిపించుట ద్విభాషి పని. ఒక్క మాట హెచ్చినను తగ్గినను ఒకని ఆస్తికో ప్రాణమునకో ముప్పు. చూచినదానిని చూచినట్లు చెప్పెడి గుణము ఆయనకు ఈ కొలువువలననే అబ్బెనేమో!

దారిలో మజిలీ చేసినచోట్లనుండి ఆయన తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు లేఖలు వ్రాయుచు వచ్చెను. ఏ యూరిలో ఎన్ని యిండ్లున్నవి, బావినీరు మంచిదా, అంగడిలో సరకులు దొరకునా, ముందున్న బాట రాళ్ళదా ఇసుకదా, ఏటిని పడవలో దాటవలెనా - ఇవన్నియు అందు గలవు. పుణ్యక్షేత్ర మాహాత్మ్యములు చెప్పెడి గ్రంథములు మనకు కొల్లలుగా నున్నవి. వెనుక రాబోవు బాటసారికి నీళ్ళున్నచోటు చెప్పిన గ్రంథములు మాత్రము అరుదు.

భక్తుడే యైనను ఆయన కన్నులు మూసికొని నడువలేదు. తిరుపతి, కడప, అహోబలముల మీదుగా శ్రీశైలము చేరినప్పుడు మల్లికార్జునుని సేవించి తృప్తిపడి ఊరకుండక, యాత్రికులయొద్ద పన్ను గైకొనెడి కందనూరు నవాబు ఆలయపు బాగోగులు పట్టించుకొనకుండుటను లేఖలో వ్రాసెను. ప్రయాగ, గయ, పురుషోత్తమ క్షేత్రములందు యాత్రికులపై పన్ను విధించినది కుంపిణీవారు. కోర్టు ఉద్యోగియైన ఆయన ఆ సంగతియు దాచలేదు.

నగరములను ఆయన నగరవాసి కంటితో చూచెను. హైదరాబాదున మూసీ ఒడ్డున ఠీవిగా నిలిచిన రెసిడెన్సీ భవనమును చూచెను. వీథులలో ఆయుధములు ధరించి తిరుగు జనమును చూచెను. సామాన్యుని ప్రాణమునకు ఆ షహరున గట్టి రక్షణ లేదని గ్రహించెను. కోర్టులు, పోలీసు గల పట్టణమునుండి వచ్చినవానికి ఇది మొదట తోచుట సహజమే. అటుపిమ్మట నాగపురము, జబ్బలుపురముల దారి. థగ్గుల పేరు చెప్పిన బాటసారులు వణకిపోయెడి కాలమది. ఆ బాట గడిచి మిర్జాపురము, ప్రయాగల మీదుగా కాశి చేరెను. గంగలో స్నానము, పితృకార్యములు, విశ్వేశ్వర దర్శనము శాస్త్రోక్తముగా జరిపెను. గయాశ్రాద్ధము ముగించి, నాడు కుంపిణీ రాజధానియగు కలకత్తాను చూచి, పురుషోత్తమ క్షేత్రము మీదుగా తెలుగు తీరము వెంట దిగివచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరెను. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణము!

ఆయన వ్రాత వ్యాకరణమునకు లొంగదు. నాటి చెన్నపట్టణపు పెద్దమనుష్యులు మాటలాడుకొనెడి తెలుగది. అరవము, హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలు అందు యథేచ్ఛగా వచ్చి చేరినవి. లక్షణవేత్తలు ముఖము చిట్లింతురేమో గాని, ఆ లేఖలను చిన్నయసూరి ఫక్కిలో దిద్దిన దారిదుమ్మంతయు రాలిపోవును.

తిరిగివచ్చిన పిదప ఆయన బ్రదికినది అయిదేండ్లే. 1836లో స్వర్గస్థుడయ్యెను. శ్రీనివాసపిళ్ళ ఆ లేఖలను భద్రపరచి, 1838లో కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చు వేయించెను. చేతికి వచ్చిన పుస్తకమును చూచుకొనుటకు గ్రంథకర్త లేడు. తరువాత నూరేండ్లకు పుస్తకము దొరకుటయే దుర్లభము కాగా, బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి 1941లో మరల ప్రకటించిరి.