పుట్టిన నేలను మరవని బుక్స్టెహూడ

డీటెరిక్ బుక్స్టెహూడ పేరు మన ఇళ్లలో పెద్దగా వినిపించేది కాదు. పిల్లలు పాశ్చాత్య సంగీతం నేర్చుకునే ఇళ్లలో బాఖ్ పేరు తెలిసి ఉంటుంది. ఆ బాఖ్ ఇరవయ్యేళ్ల వయసులో కాలినడకన వెళ్లి విన్న పెద్దాయన ఈయన. తరాలుగా వేరే భాషల మధ్య బతుకుతున్న మనం తెలుసుకోదగ్గ జీవితం ఆయనది.

ఆయన సుమారు 1637లో డెన్మార్క్ రాజ్యంలో పుట్టారు. తండ్రి యోహాన్నెస్ హోల్‌స్టైన్ ప్రాంతం నుంచి వచ్చి, ఎల్సినోర్ పట్టణంలో చర్చి ఆర్గన్ వాయిస్తూ స్థిరపడ్డారు. కొడుకూ అదే విద్య పట్టారు. ఎల్సినోర్‌లోనే జర్మన్ మాట్లాడేవారి చర్చిలో ఎనిమిదేళ్లు పనిచేసి, 1668లో జర్మన్ వర్తక నగరమైన ల్యూబెక్ చేరారు. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో ఆర్గనిస్టు ఉద్యోగం దొరికింది. తనకు ముందు ఆ ఉద్యోగంలో ఉండి కన్నుమూసిన ఫ్రాంజ్ టుండర్ కుమార్తెను అదే ఏడాది పెళ్లాడారు. చర్చి లెక్కల పుస్తకాలు చూసే పనీ ఆయనదే. జమాఖర్చులు రాసిన చేత్తోనే సంగీతమూ రాశారు.

ఏటా క్రిస్మస్‌కు ముందు ఐదు ఆదివారాలు సాయంత్రం చర్చిలో కచేరీలు జరిపించేవారు. వినడానికి ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు. ఖర్చుకు ఊరి వర్తకులు చందాలివ్వాలి. వాళ్లకు ఉత్తరాలు రాసి అడగడమూ ఆయన వంతే. సంఘాలు నడిపేవారికి ఈ బాధ ఎలాంటిదో మేము చెప్పనక్కర్లేదు.

ఆర్గన్ కోసం ఆయన రాసిన వాటిలో డి మైనర్ పాసకాల్యా ఒకటి. పాసకాల్యా అంటే కింది స్థాయిలో ఒక చిన్న స్వరవరుస మళ్లీ మళ్లీ వస్తుంటే, దాని మీద కొత్త కొత్త అల్లికలు కట్టే రచన. ఇందులో ఆ వరుసను కాళ్లతో పెడళ్ల మీద వాయిస్తారు. మొత్తం 28 సార్లు వస్తుంది. నాలుగు భాగాలు, భాగానికి ఏడు సార్లు. డి మైనర్‌లో మొదలై, ఎఫ్ మేజర్‌కు, అక్కణ్ణుంచి ఏ మైనర్‌కు వెళ్లి, చివరికి మళ్లీ డి మైనర్‌కే వస్తుంది. పైన చేతులు ఎన్ని పోకడలు పోయినా, శ్రుతి మారినా, కింద వరుస మాత్రం అదే.

1703లో యువకుడైన హాండెల్ ఒక మిత్రుడితో కలిసి ల్యూబెక్ వచ్చాడు. బుక్స్టెహూడ తర్వాత ఆ ఉద్యోగం కావాలంటే ఆయన కుమార్తెను పెళ్లాడాలన్న షరతు విని ఇద్దరూ వెనక్కి వెళ్లిపోయారు. 1705లో బాఖ్ ఆర్న్‌స్టాట్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు నడిచి వచ్చాడు. నాలుగు వారాల సెలవు తీసుకుని, దాదాపు నాలుగు నెలలు ఉండిపోయాడు. తిరిగి వెళ్లాక పైవాళ్లతో చీవాట్లు తిన్నాడు.

1707 మే 9న బుక్స్టెహూడ ల్యూబెక్‌లోనే కన్నుమూశారు. ఆ ఊళ్లో 39 ఏళ్లు బతికారు. అక్కడే సంసారం, అక్కడే పేరు, అక్కడే సమాధి. అయినా ఆయన డెన్మార్క్‌నే తన దేశంగా చెప్పుకునేవారని ఆ ఏడాది ఒక పత్రిక రాసింది.

ఆ పాసకాల్యా ఆయన చేతిరాతలో నేడు ఎక్కడా లేదు. బాఖ్ పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ తన పుస్తకంలో ఎత్తి రాసుకున్నందువల్లే మిగిలింది. 1942లో బాంబుల దాడికి ఆ చర్చి, అందులోని ఆర్గన్ కాలిపోయాయి. కాగితం మీదికెక్కిన పాట మాత్రం నిలిచింది. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడే పాటలను ఎవరైనా ఒక నోటుపుస్తకంలో రాసి పెడుతున్నారా అన్నది ప్రతి ఇంటివారూ చూసుకోవలసిన సంగతి.