శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అర్థం కావట్లేదా? ఓడలో కూర్చుని స్టాటిస్టిక్స్ నేర్చుకున్న మహలనోబిస్ కథ ఇదీ..

నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ అయినా, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ అయినా.. స్టాటిస్టిక్స్ చదివే స్టూడెంట్స్‌కి ఇప్పుడు పాఠం ఫోన్‌లోనే దొరుకుతోంది. స్వయం, ఎన్‌పీటీఎల్ నుంచి యూట్యూబ్ దాకా కావాల్సినన్ని వీడియోలు. సగటు, మీడియన్, ప్రాబబిలిటీ వరకు బండి బాగానే నడుస్తుంది. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం వీడియోను వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూడాల్సి వస్తుంది. చేతిలో ఉన్నది ఒక్కటే శాంపిల్. వీడియోలో సార్ ఏమో అలాంటివి వేల శాంపిల్స్ తీసినట్టు ఊహించుకోమంటారు. అసలు తీయని శాంపిల్స్‌ను ఎలా ఊహించుకోవాలి?

ఈ ఊహను కాగితం మీద వదిలేయకుండా పొలం గట్ల మీదకు తీసుకొచ్చిన మనిషి ఒకరున్నారు. ఆయనే ప్రశాంత చంద్ర మహలనోబిస్. దేశంలో పేదలు ఎంతమంది, నిరుద్యోగులు ఎంతమంది, పంట ఎంత పండింది అని వచ్చే లెక్కల వెనుక ఆయన వేసిన పునాది ఉంది. విచిత్రం ఏంటంటే, ఈ సబ్జెక్టులో ఆయనకు క్లాస్‌రూమ్ లేదు, గురువూ లేడు.

ఓడ ఆలస్యం అయింది.. సబ్జెక్టు మారిపోయింది

1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు మహలనోబిస్. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. 1913లో లండన్ యూనివర్సిటీలో చేరదామని ఇంగ్లండ్ వెళ్లారు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి అక్కడి కింగ్స్ కాలేజీ చర్చి అందానికి ముగ్ధుడై తిరుగు రైలు మిస్సయ్యారు. ఆ రాత్రి ఒక స్నేహితుడి దగ్గర ఉండిపోయారు. ఇక్కడే చేరొచ్చు కదా అని అతను సలహా ఇవ్వడంతో కింగ్స్ కాలేజీలోనే చేరిపోయారు. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ అప్పుడు అక్కడే ఉన్నారు. ఇద్దరూ స్నేహితులయ్యారు. చలికి వణుకుతూ దుప్పట్ల పైనే పడుకుంటున్న రామానుజన్‌కి, దుప్పట్ల లోపల దూరి పడుకోవాలని చూపించింది మహలనోబిసే.

1915లో ఫిజిక్స్‌లో ఫస్ట్ క్లాస్ వచ్చింది. సెలవులకు ఇంటికి బయలుదేరాలి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండటంతో ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజుల్లో లైబ్రరీలో ఉండగా, మెకాలే అనే ట్యూటర్ బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించారు. మనుషుల, జంతువుల కొలతలను గణితంతో విశ్లేషించే పత్రిక అది. మహలనోబిస్‌కి అది ఎంతగా నచ్చిందంటే, సంపుటాలు మొత్తం కొనేసి ఓడ ఎక్కారు. ప్రయాణం పొడవునా అదే పని. అర్థం కానిచోట ఆగడం, వెనక్కి వెళ్లి మళ్లీ చదవడం. ఇవాళ ఫోన్ పట్టుకుని వీడియో పాజ్ చేసే స్టూడెంట్‌కి ఈ బాధ కొత్తగా అనిపించదు.

కలకత్తా చేరాక ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే పని దొరికింది. ఇక కేంబ్రిడ్జికి తిరిగి వెళ్లలేదు. ఉద్యోగం ఫిజిక్స్‌లో, మనసు మాత్రం స్టాటిస్టిక్స్‌లో.

వరదల లెక్క తప్పని తేల్చారు

1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచాయి. నీళ్లను ఆపే భారీ రిజర్వాయర్లు కట్టాలని ఇంజనీర్లు అనుకున్నారు. మహలనోబిస్ దాదాపు 50 ఏళ్ల వర్షపాతం, వరదల లెక్కలు ముందేసుకుని కూర్చున్నారు. అక్కడ కావాల్సింది నీటిని ఆపడం కాదు, త్వరగా బయటకు పోనివ్వడం అని తేల్చారు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నది పొంగింది. నది అడుగు భాగం పైకి లేచింది, కాబట్టి కరకట్టల ఎత్తు పెంచాలని నిపుణులు చెప్పారు. 60 ఏళ్ల లెక్కలు చూస్తే నది అడుగు లేవనే లేదు. కరకట్టలు పెంచడం దండగ, ఎగువన డ్యామ్‌లు కట్టాలని ఆయన సూచించారు. తర్వాత వచ్చిన హీరాకుడ్ ప్రాజెక్టు ఆలోచనకు ఈ పని కూడా ఒక ఆధారం.

1931 డిసెంబర్ 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) మొదలైంది. పేరు ఘనంగా ఉంది కానీ, ఉన్నది ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలో కాస్త చోటు మాత్రమే. మొదటి ఏడాది ఖర్చు మొత్తం 238 రూపాయలు. స్టాటిస్టిక్స్ తెలిసిన వాళ్లు దేశంలో దొరకరు కాబట్టి, గణితం తెలిసిన వాళ్లను పట్టుకొచ్చి నేర్పించుకున్నారు. ఆర్.సి.బోస్ అనే జామెట్రీ పండితుడిని అలాగే తీసుకొచ్చి, ముందు ఇవి చదవమని వ్యాసాల లిస్టు చేతికిచ్చారు. తాను ఓడలో చేసిన పనే కదా! అదే బోస్ ఆ తర్వాత మహలనోబిస్ కనిపెట్టిన డీ-స్క్వేర్ అనే కొలతకు కచ్చితమైన శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ లెక్కగట్టారు. రెండు గుంపుల మధ్య తేడాను ఒక్క సంఖ్యలో చెప్పే ఆ కొలతను ఇవాళ మెషిన్ లెర్నింగ్ వాళ్లు మహలనోబిస్ డిస్టెన్స్ అని పిలుస్తున్నారు.

ఒకే ఊరికి రెండు టీమ్‌లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1937లో బెంగాల్‌లో జనపనార పంట అంచనా పని మహలనోబిస్ చేతికి వచ్చింది. అప్పటిదాకా పద్ధతి ఏంటి? ఊరి అధికారి పొలం వైపు ఓ చూపు చూసి, ఈసారి పన్నెండణాల పంట అని రాసేయడం. లేదంటే ప్రతి పొలం తిరిగి లెక్కపెట్టడం. మొదటిది అంచనా కాదు, ఊహ. రెండోదానికి వేలమంది మనుషులు కావాలి, వాళ్లలో చాలామంది అలసిపోయి ఏదో ఒకటి రాస్తారు.

మహలనోబిస్ మ్యాప్ మీద లాటరీ పద్ధతిలో చిన్న చిన్న ముక్కలు ఎంచుకుని అక్కడికే మనుషులను పంపారు. ఇది చాలామంది చేయగలిగిందే. ఆయన చేసిన గమ్మత్తు మరొకటి ఉంది. ఒకే ప్రాంతం నుంచి రెండు వేర్వేరు శాంపిల్స్ తీసి, రెండు వేర్వేరు టీమ్‌లకు ఇచ్చేవారు. ఎవరి లెక్క వారిదే. చివర్లో రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టేవారు. దీనికి ఇంటర్‌పెనెట్రేటింగ్ సబ్‌శాంపిల్స్ అని పేరు.

మన దగ్గర ఎలా ఉంటుందో చూద్దాం. దేవరకొండ వైపు ఒక ఊళ్లో 400 ఇళ్లు ఉన్నాయనుకుందాం. చిట్టీలు వేసి 40 ఇళ్లు తీస్తే పత్తి దిగుబడి ఎకరాకు సగటున 7 క్వింటాళ్లు వచ్చింది. ఇంకో టీమ్ మళ్లీ చిట్టీలు వేసి వేరే 40 ఇళ్లు తీస్తే 7.6 వచ్చింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చిట్టీల్లో వేరే ఇళ్లు వచ్చాయి, అంతే. ఇలా వెయ్యి టీమ్‌లు వెళ్తే వెయ్యి సగటులు వస్తాయి. వాటిని కుప్ప పోస్తే కల్లంలో వడ్ల రాశిలా మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. ఆ రాశే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. వీడియోలో సార్ ఊహించుకోమన్నది దీన్నే. రాశి ఎంత వెడల్పుగా ఉందో చెప్పేది స్టాండర్డ్ ఎర్రర్. శాంపిల్ 40 నుంచి 160కి, అంటే నాలుగింతలు పెంచితే ఆ వెడల్పు దాదాపు సగమవుతుంది. నాలుగింతల ఖర్చు పెట్టినా తప్పు తగ్గేది సగమే. ఎంత ఖర్చుకు ఎంత తప్పును భరించవచ్చు అనే లెక్క మీదే మహలనోబిస్ ఏళ్లకు ఏళ్లు పనిచేశారు.

వెయ్యి టీమ్‌లను పంపడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. రెండు టీమ్‌లను పంపొచ్చు. రెండు జవాబుల మధ్య తేడా మామూలుగా ఉంటే సరే. మరీ ఎక్కువగా ఉందంటే ఏదో ఒక టీమ్ చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపిందేమో చూడాలి! లెక్కలో తప్పు ఎంత ఉందో ఆ లెక్కే చెప్పేలా చేయడం ఇదే.

1941లో జనపనార విషయంలో పెద్ద పరీక్షే జరిగింది. ప్రతి పొలం తిరిగి ప్రభుత్వం వేసిన లెక్క కన్నా శాంపిల్ ఇచ్చిన అంచనాయే చివరికి వ్యాపారుల లెక్కకు దగ్గరగా వచ్చింది. ఖర్చు, మనుషులు అందులో కొంత భాగం మాత్రమే. అయినా అధికారులకు నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది.

కరువులో ఎవరు ఏం పోగొట్టుకున్నారు?

1943లో బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఐఎస్‌ఐ వాళ్లు వందల గ్రామాల్లో శాంపిల్ సర్వే చేశారు. వరి భూమి ఉన్న కుటుంబాల్లో దాదాపు పావు వంతు, ఒక్క ఏడాదిలోనే తమ భూమిని పూర్తిగానో కొంతో అమ్ముకోవడమో తాకట్టు పెట్టడమో చేశాయని తేలింది. కరువు పోయినా ఆ భూములు తిరిగి రాలేదు. కరువు, వలస అంటే ఏంటో తెలిసిన పాలమూరు జనానికి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

పంట కోత ప్రయోగాల విషయంలో మాత్రం ఆయనతో గట్టిగా విభేదించిన వారు ఉన్నారు. పొలంలో చిన్న గుండ్రటి ముక్క కోసి తూస్తే చాలని మహలనోబిస్ వాదన. మరీ చిన్న ముక్క అయితే అంచున ఉన్న మొక్కలు కూడా లోపలికి వచ్చేసి దిగుబడి ఎక్కువ చూపిస్తుందని పి.వి.సుఖాత్మే ప్రయోగాలు చేసి చెప్పారు. ఈ విషయంలో సుఖాత్మే మాటే ఎక్కువ నిలిచిందని చెప్పాలి. ఇప్పుడు నల్గొండలో వరి కోతల టైంలో సిబ్బంది లాటరీలో వచ్చిన పొలానికి వెళ్లి 5 మీటర్లకు 5 మీటర్ల ముక్క కొలిచి కోయిస్తారు. ఆ టేపు వెనుక ఇంత గొడవ జరిగింది.

మా ఊరికి రాకుండానే లెక్కా?

స్వాతంత్య్రం వచ్చాక దేశానికి లెక్కలు కావాల్సి వచ్చాయి. నెహ్రూ ప్రభుత్వం మహలనోబిస్‌ను పిలిచింది. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. మొదటి రౌండ్ ఆ ఏడాది అక్టోబర్‌లో. గ్రామాల్లో కుటుంబాలు ఏం తింటున్నాయి, దేనికి ఎంత ఖర్చు పెడుతున్నాయి అని అడిగారు. అప్పటికి నల్గొండ, మహబూబ్‌నగర్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి. నల్గొండ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు.

మా ఇంటికి ఎవరూ రాలేదు, మరి మేం పేదోళ్లమో కాదో ఢిల్లీలో ఎలా తేల్చారు? ఈ డౌట్ పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. న్యాయమైన డౌటే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండలో వేడి అన్ని మెతుకులకూ ఒకేలా తగులుతుంది కాబట్టి అది చెల్లుతుంది. జిల్లా కుండ లాంటిది కాదు. సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్న మిర్యాలగూడ వైపే వెళ్లి చూస్తే నల్గొండ అంతా పచ్చగా ఉందనుకుంటారు. మునుగోడు, దేవరకొండ చెలకలు ఆ లెక్కలోకి రావు. అందుకే ముందు ప్రాంతాలను వేరు చేసి, ప్రతి భాగంలోంచీ లాటరీ తీస్తారు. వలస వెళ్లిన ఇంటికి తాళం వేసి ఉందని పక్కింటికి వెళ్లి రాసుకుంటే కూడా లెక్క ఒరిగిపోతుంది. శాంపిల్ ఎంత పెద్దదైనా ఆ ఒరుగు పోదు.

బందరు రోడ్డు కాదు.. కలకత్తా రైలు

మహలనోబిస్ కథలో మన తెలుగువాడు ఒకరున్నారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్.రావు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒక వ్యక్తి ఐఎస్‌ఐలో ట్రైనింగ్ తీసుకుంటున్నారని తెలిసి తానూ వెళ్లారు. 1941 జనవరి 1న చేరారు. కలకత్తా యూనివర్సిటీలో అదే ఏడాది మొదలైన స్టాటిస్టిక్స్ ఎంఏ మొదటి బ్యాచ్ స్టూడెంట్ ఆయన. క్లాసులో ఒక స్టూడెంట్ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ చేసిన పని 1945లో అచ్చయింది. క్రామర్-రావు ఇనీక్వాలిటీ పేరుతో ఇవాళ ప్రపంచమంతా చదువుతున్నది దాన్నే. డీ-స్క్వేర్‌తో పాత అస్థిపంజరాలను విశ్లేషించడానికి రావును 1946లో కేంబ్రిడ్జికి పంపింది మహలనోబిసే.

ఐక్యరాజ్యసమితి 1947లో శాంప్లింగ్ మీద వేసిన సబ్ కమిషన్‌కు మహలనోబిస్ చైర్మన్ అయ్యారు. 1945లోనే లండన్ రాయల్ సొసైటీ ఫెలో. దేశానికి తొలి డిజిటల్ కంప్యూటర్‌ను 1956లో తెప్పించింది ఐఎస్‌ఐ. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండో పంచవర్ష ప్రణాళిక వెనుక ఉన్నది కూడా ఆయన లెక్కే. వ్యవసాయానికి, రోజువారీ సరుకులకు తక్కువ చేశారని ఆ ప్రణాళిక మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. శాంప్లింగ్‌లో దొరికినంత గట్టి నేల ఆయనకు ఇక్కడ దొరకలేదు.

1968లో పద్మవిభూషణ్ వచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు మహలనోబిస్ కన్నుమూశారు. 2007 నుంచి జూన్ 29ని దేశమంతా గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. సి.ఆర్.రావు పేరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఒక పరిశోధన సంస్థ నడుస్తోంది. ఉద్యోగం దొరక్క ఐఎస్‌ఐ గడప తొక్కిన ఆ కుర్రాడు 102 ఏళ్లు బతికి 2023 ఆగస్టులో చనిపోయారు. ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ కూడా అదే ఏడాది ఆయనకు దక్కింది.