జాన్ నేపియరు

స్కాట్లండు దేశమున ఎడింబరో నగరసమీపమునఁ గల మెర్చిస్టను దుర్గమందు 1550వ సంవత్సరమున జాన్ నేపియరు జన్మించెను. పదుమూఁడవ యేట సెంట్ ఆండ్రూసు విశ్వవిద్యాలయమునఁ జేరెను. ఈతఁడు ఉపాధ్యాయుఁడు గాఁడు, భూస్వామి. 1593లో బైబిలునందలి ప్రకటన గ్రంథమునకు వ్యాఖ్యానము ప్రచురించెను. కాని లోక మాతని నెఱుఁగుట లాగరితములవలననే.

ఆ కాలమున జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు పెద్దపెద్ద సంఖ్యలను గుణించి భాగించుట నిత్యకృత్యము. ఆ శ్రమను కూడికగాను తీసివేతగాను మార్పఁదలఁచి నేపియరు సుమారు ఇరువదియేండ్లు లెక్కలు వేసెను. 1614లో వెలువడిన పట్టికయే దాని ఫలము.

ఇందు మన విద్యార్థులు గమనింపఁదగిన విషయ మొకటి కలదు. ఆతఁడు కోటినుండి దాని కోటియవ వంతును, మిగిలినదానినుండి మరల దాని కోటియవ వంతును, ఇట్లు నూఱుమాఱులు తీసివేసెను. మొదటి తీసివేత 1, రెండవది 0.9999999. ఈ స్వల్పభేదమును విడిచినయెడల తుదకు 9999900 మాత్రమే వచ్చును. సంఖ్యకుఁ బిమ్మట బిందువు నుంచి యేడు స్థానములు నిలుపుటచేత ఆతనికి 9999900.0004950 లభించెను. ఒక మెట్టునఁ గనఁబడని లోపము మెట్లు పెరిగినకొలఁది పెరిగి పట్టికనే చెఱచును గదా! అంతేగాక, లాగరితమునకు పైహద్దును క్రిందిహద్దును గట్టి, వాని భేదము గణింపరానిదైనపుడు నడిమి సంఖ్యను గైకొనెను. 9999999 యొక్క లాగరితము 1.0000000కును 1.0000001కును నడుమ నుండుటచే 1.00000005 అని నిర్ణయించెను. నేఁడు గణకయంత్రములకుఁ గ్రమణికలు వ్రాయువారును నడిమి లెక్కలలోఁ గొన్ని దశాంశస్థానముల నధికముగా నిలిపి, తుదకుఁ గుదించుచుందురు.

ఇంత జాగ్రత్తపడినను రెండవ పట్టిక తుదిసంఖ్య 9995001.224804 కావలసియుండఁగా 9995001.222927 అని పడినది. స్థానము లెన్ని యుంచినను చేతితప్పును అవి యాపఁజాలవు. ఆ తప్పు లాగరితముల చివరి అంకెలకుఁ బ్రాఁకెను.

1615లో లండను గ్రెషాం కళాశాలాచార్యుఁడగు హెన్రీ బ్రిగ్సు ఎడింబరోకుఁ బోయి, నేపియరుకడ నొక మాస ముండెను. 1 యొక్క లాగరితము సున్నగా నుండి, పది ఆధారమగుట మేలని యిరువురును సమ్మతించిరి. అయితే క్రొత్త పట్టికకు నేపియరుకు ఓపిక మిగులలేదు; 1617 ఏప్రిలు 4వ తేదిన మృతినొందెను. ఆతని గణనవిధానమును కుమారుఁడు రాబర్టు 1619లో వెలువరించెను. బ్రిగ్సు 1624లో 30,000 సంఖ్యలకు పదునాలుగు స్థానములవఱకు లాగరితములు ప్రకటించెను. నడుమ విడిచిన సంఖ్యలను హాలండువాసి యగు వ్లాక్ 1628లోఁ బూరించెను గాని, పదిస్థానములతోనే తృప్తినొందెను.