ఆలస్యాన్ని కొలిచిన మనిషి – డాక్టర్ డేవిడ్ షాకో

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి పంపమని కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు నేను మొదట కాటన్ దొర గారి గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆయన గురించి రాయగలిగిన వారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. పైగా ఆయన కాలువ నీళ్ళు మా నూజివీడు మెట్టకు ఎక్కలేదు కూడా. అందుకని మనలో ఎక్కువమంది పేరు కూడా విని ఉండని ఒక అమెరికా పండితుని గురించి రాస్తున్నాను. మానసిక శాస్త్రం చదివే వారికి ఆయన పేరు బాగా తెలుసు. ఎం.ఏ. సైకాలజీ చదువుతున్న మా మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు చెప్పగా నాకు తెలిసింది. ఆయన గురించే ఎందుకు రాయాలనిపించిందో మధ్యలో మనవి చేస్తాను.

డేవిడ్ షాకో 1901లో న్యూయార్క్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1924లో బి.ఏ., ఆ మరుసటి ఏడు ఎం.ఏ. పూర్తి చేశారు. డాక్టరేటు కోసం మనిషి గమనించలేనంత సన్నని సంకేతాలు మనసుకు తగులుతాయా అనే విషయం పట్టుకున్నారు. ఎంత శ్రమపడ్డా ఫలితం తేలలేదు. అప్పటికే సంసారం మీద పడింది. 1928లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఉద్యోగానికి కుదిరారు. చదువు సగంలో వదిలి పిచ్చాసుపత్రిలో కొలువు చేయడమంటే తోటివారి దృష్టిలో పెద్ద గౌరవం కాదు. అక్కడే పద్దెనిమిదేళ్ళు ఉండిపోయారు. డాక్టరేటు చేతికి వచ్చింది 1942లో, నలభై ఒకటో ఏట. డిపార్టుమెంటు పరీక్షలు నలభై దాటాక పాసైన మనవాళ్ళకు ఆ సంతోషం ఎలాంటిదో నేను చెప్పనక్కర లేదు.

వూస్టర్‌లో జరిగిన పరిశోధనకు డబ్బు ఎక్కడిదో వింటే మా ప్రాంతం రైతులు ఆశ్చర్యపోతారు. మన పొలాల్లో తిరిగిన ఇంటర్నేషనల్ ట్రాక్టరు గుర్తుందా? 1963లో మహీంద్రా వారు అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి మన దేశంలో ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. ఆ హార్వెస్టర్ కంపెనీకి మూలం కోతయంత్రాలు చేసిన మెకార్మిక్ కుటుంబం. ఆ ఇంటి కొడుకు స్టాన్లీకి 1904లో పెళ్ళయింది. రెండేళ్ళు తిరక్కుండానే స్కిజోఫ్రెనియా వచ్చింది. 1947లో పోయేవరకు ఆయన కోలుకోలేదు. భార్య కాథరిన్ సైన్సు చదివిన మనిషి. ఈ జబ్బుకు కారణం శరీరంలోని గ్రంథుల లోపమై ఉంటుందని నమ్మి, 1927 నుంచి పరిశోధనకు సొంత డబ్బు పోసింది. హాస్కిన్స్ అనే వైద్య శాస్త్రవేత్త పర్యవేక్షణలో వూస్టర్ రోగుల మీద ఆ పరిశోధన సాగింది. ఆమె ఆశించిన గ్రంథి లోపం తేలలేదు. కానీ ఆ పరిశోధనలో మానసిక శాస్త్రం వైపు పని షాకో గారి చేతిలో పడింది.

ఆయన వాడిన పరికరం చూస్తే నవ్వొస్తుంది. పాత తపాలా ఆఫీసులో తంతి మీట ఉండేది చూడండి, దాదాపు అటువంటిదే. రోగి మీట నొక్కి పట్టుకోవాలి. దీపం వెలగగానే, లేదా శబ్దం వినపడగానే వదిలేయాలి. అంతకు కొంచెం ముందు సిద్ధంగా ఉండమని హెచ్చరిక. హెచ్చరికకూ దీపానికీ మధ్య ఎడం ప్రతిసారీ ఒకేలా ఉంటే మనబోటివాళ్ళం రెండు మూడుసార్లకే పసిగట్టి చెయ్యి సిద్ధంగా ఉంచుకుంటాం. స్కిజోఫ్రెనియా రోగులు కూడా ఎడం తక్కువగా ఉన్నప్పుడు కొంత అందుకున్నారు. అది సుమారు ఐదారు సెకన్లు దాటేసరికి, ఒకే ఎడం ఉండటం వల్ల వారికి లాభం లేకపోయింది. సరికదా, ఎడం మారుస్తూ పెట్టినప్పటి కంటే ఇంకా ఆలస్యం చేశారు. రాడ్నిక్ అనే సహచరునితో కలిసి 1940లో ఈ సంగతి ప్రకటించారు. చెయ్యి చచ్చుబడి కాదు, తెలివి పోయి కాదు. చేయబోయే పని మీద మనసును కాసేపు నిలబెట్టి ఉంచలేకపోవడం వల్ల ఈ ఆలస్యమని ఆయన తేల్చారు. పక్కనున్న చిన్న చిన్న విషయాలు, ఎప్పుడో అయిపోయిన సంగతులు వచ్చి అసలు పనిని ముక్కలు చేస్తాయట.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. నా తమ్ముడికి 1974లో ఈ జబ్బు మొదలైంది. అప్పుడు వాడికి ఇరవై ఏళ్ళు. మాకు అగిరిపల్లి వైపు నాలుగెకరాల రసాల తోట ఉండేది. కాపు కోతలో వాడిని చిక్కం కర్ర పట్టుకుని నిలబడమంటే నిలబడేవాడు. కింద నుంచి కాయ చూపిస్తే, చేయి లేపడానికి అంతసేపు పట్టేది. కూలీలు నవ్వేవారు. నేను బద్ధకమనుకున్నాను, పొగరనుకున్నాను. ఒకసారి అందరి ముందు చెయ్యి చేసుకున్నాను కూడా. గాలి సోకిందని అమ్మ తిప్పని గుడి లేదు. ఒక పట్నం ఆసుపత్రిలో పరీక్ష పెట్టారు; వాడు గోడ చూస్తూ కూర్చున్నాడు. అరగంటలో బుద్ధి మాంద్యమని కాగితం రాసిచ్చారు. శతక పద్యాలు తప్పులేకుండా చెప్పే మనిషికి బుద్ధి మాంద్యమేమిటని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ కాగితం ఫైల్లో పెట్టుకుని వచ్చేశాను, గుమాస్తా బుద్ధి.

ఆ కాగితం విషయంలో షాకో గారు ఏమని ఉండేవారో మనుమరాలు చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. రోగి పరీక్షకు ఎంతవరకు సహకరించాడో ముందు చూడాలని, సహకరించనప్పుడు వచ్చిన మార్కులు వాడి అసలు శక్తిని చెప్పవని ఆయన 1930ల నాటి నుంచీ పట్టుబట్టారు. చాలామంది రోగులకు మాటల జ్ఞానం జబ్బులో కూడా చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుందని 1946లో అచ్చయిన తన గ్రంథంలో చూపించారు. అదే పని మళ్ళీ మళ్ళీ చేయిస్తే, తగిన వ్యవధి ఇస్తే, పక్కన మనుషులు తోడుంటే ఈ రోగులు ఆరోగ్యవంతుల వైపు కొంత జరుగుతారని కూడా తర్వాత రాశారు. అప్పటి వూస్టర్ రోగులకు మందు లేదని మరువకండి. క్లోర్‌ప్రొమజిన్ వాడకం మొదలైంది 1952లో.

మిగతా ఉద్యోగ చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1946లో షికాగో వెళ్ళి ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఆచార్యులయ్యారు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు మానసిక నిపుణులు చాలని రోజులవి. ఆ నిపుణులకు ఎలాంటి చదువుండాలో తేల్చే సంఘానికి ఆయన అధ్యక్షులు. 1947లో నివేదిక ఇచ్చారు. క్లినికల్ సైకాలజిస్టు పరిశోధనా నేర్వాలి, ఏడాదిపాటు ఆసుపత్రిలో రోగుల మధ్యా పనిచేయాలి అన్నది అందులో ముఖ్యం. 1949లో కొలరాడోలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశం ఆ మార్గాన్నే అంగీకరించింది. 1954లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సైకాలజీ ప్రయోగశాలకు మొదటి అధిపతిగా చేరారు. విశేషమేమిటంటే మన బెంగుళూరు అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, నేటి నిమ్‌హాన్స్, తెరిచినదీ అదే 1954లో. 1966లో రిటైరయ్యాక కూడా షాకో గారు అదే సంస్థలో పరిశోధన వదలలేదు. 1981లో, ఎనభయ్యో ఏట కన్నుమూశారు.

మా తమ్ముడికి సరైన మందు దొరికింది 1986లో. ఆ తర్వాత తోటలో కాయలు ఏరి, వరిగడ్డి పరిచి పెట్టెల్లో సర్దే పని మా ఆవిడ వాడికి అప్పగించింది. పక్కనే కూర్చుని రోజూ అదే పని, అదే వరసలో చేయించేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సాయంత్రానికి పది పెట్టెలు కూడా అయ్యేవి కావు. కానీ వాడు సర్దిన పెట్టెలో నలిగిన కాయ ఉండేది కాదు. మా ఆవిడ షాకో గారి పేరు వినలేదు. వాడు 2011 మే నెలలో, రసాలు దిగే రోజుల్లోనే పోయాడు. ఆ ఏడు పెట్టెలు సర్దింది నేను. కూలీలు నాకంటే త్వరగా ముగించారు.